నేను మింగిన నాణెం

ఆ వేసవిలో మా ఇంట్లో అన్నిటికంటే గట్టిగా వినపడింది మా ఆవిడ ఊపిరి. మా అమ్మాయి కుట్టుమిషను ఆగినప్పుడల్లా అది వినపడేది. అందుకని అమ్మాయి మిషను ఆపేది కాదు. సూది కింద గుడ్డ లేకపోయినా తొక్కుతూ కూర్చునేది. మొగుడితో పడక, ఆ మిషను ఒక్కటి వెంట తెచ్చుకుని మా దగ్గరికి వచ్చేసిన పిల్ల. దాని కష్టాలు దానికి చాలవన్నట్టు, ఇప్పుడు వాళ్లమ్మ గుండె.

గుండెలో ఒక కవాటం పాడైందట. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తలుపు సరిగ్గా మూతపడటం లేదు, ముందుకు తోసిన రక్తం మళ్లీ వెనక్కే వస్తోంది అన్నాడు.

"టంకశాలలో ముప్పై ఒక్క ఏళ్లు మరలు బిగించినవాణ్ణి డాక్టరుగారూ. ఒక రెంచీ ఇప్పించండి, నేనే బిగించేస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఈ వేసవి దాటనివ్వకండి" అన్నాడు.

డబ్బు కట్టే ఆసుపత్రిలో అయితే వారంలో చేసేస్తారు. దానికి మా ఇంటినీ, ఇంట్లో ఉన్న మమ్మల్నీ కలిపి అమ్మినా చాలదు. ధర్మాసుపత్రిలో బీదవాళ్లకి ఉచితం, కానీ వరస ఉంటుంది. మా ఆవిడ నంబరు నలభై ఒకటి. వారానికి నాలుగు ఆపరేషన్లు చేస్తారు. పదకొండో వారంలో మా వంతు. అంటే వేసవి ఆఖరుకి, వానల ముందు. మా అమ్మాయి గోడ మీద సుద్దతో నలభై ఒక్క గీతలు గీసి, ఒక్కో ఆపరేషనుకీ ఒకటి చొప్పున చెరుపుతూ వచ్చింది.

ఇరవై రెండు చెరిపాక, ఒక బుధవారం, ఆసుపత్రివాళ్లు పరీక్షలకి రమ్మన్నారు. రక్తం తీసుకుని, ఫలితం నాలుగు గంటల తర్వాత అన్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వరండాలో కూర్చోడానికి చోటు లేదు. మా ఆవిడ గోడకి ఆనుకుని నిలబడలేక నిలబడింది.

వీధికి అవతలే మా పాత టంకశాల. ప్రభుత్వం నాణేలు ముద్రించడం అక్కడ ఆపేసి పదకొండేళ్లయింది. ఇప్పుడది డబ్బు చరిత్ర చూపించే మ్యూజియం. అందులో పంకాలున్నాయి, బెంచీలున్నాయి, పాత కార్మికులకీ వాళ్ల ఇంటివాళ్లకీ టికెట్టు లేదు.

"పదండి, నా అత్తారింటికి పోదాం" అన్నాను.

గేటు దగ్గర కాపలావాడు నా జేబులు తడిమాడు. "మా రోజుల్లో బయటికి వచ్చేటప్పుడు వెతికేవాళ్లు నాయనా. లోపలికి వెళ్లేటప్పుడు వెతుకుతున్నారంటే, ఇక్కడి డబ్బుకి విలువ పోయినట్టే" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

మొదటి గదిలో గవ్వలు. అద్దాల పెట్టె నిండా గవ్వలు. ఒకప్పుడు వీటితో ఆవుల్నీ భూముల్నీ కొనేవాళ్లని రాసి ఉంది. మా ఆవిడ అక్కడ బెంచీ మీద కూలబడింది.

"మా పుట్టింట్లో... డబ్బాడు ఉండేవి ఇవి" అంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ముందే తెలిస్తే... మిమ్మల్ని చేసుకునేదాన్నే కాదు."

"ఇప్పటికైనా మించిపోయింది లేదే. పెట్టె పగలగొట్టమంటావా?"

"మీరిద్దరూ వెళ్లి చూసి రండి. నాకిక్కడ చల్లగా ఉంది."

రెండో గదిలో బండిచక్రమంత రాతి డబ్బు ఉంది. నడిమధ్య బెజ్జం. ఏదో దీవిలో వాడేవాళ్లట. ఒక నెల నాకూ ఇలాంటిదే జీతంగా ఇచ్చారనీ, ఇంటికి దొర్లించుకుంటూ వస్తుంటే దారిలో బీడీకట్టకి చిల్లర కావలసి మూల విరగ్గొట్టాననీ అమ్మాయికి చెప్పాను. అది గడియారం చూసుకుంది. చిన్నప్పుడైతే ఏ మూల అని అడిగి ఉండేది.

మూడో గదిలో నా మర. ఏడో నంబరు. దానికి ఆకుపచ్చ రంగు కొట్టి, చుట్టూ తాడు కట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు నా చేతి కింద వణికిన ఇనుము, పెళ్లికూతురిలా కదలకుండా నిలబడి ఉంది. తాడు మీంచి చెయ్యి చాచి ముట్టుకున్నాను. కాపలావాడు ఈల వేశాడు. దాని పక్కనే ఒక చిన్న అద్దాల పెట్టె. అందులో ఒకే ఒక్క నాణెం, కింద అద్దం, పైన బోర్డు. నా కళ్లజోడు ఇంట్లో ఉంది. అమ్మాయి పైకి చదివింది.

"రెండువైపులా బొమ్మ ఉన్న నాణెం. మరకి పైనా కిందా ఒకే రకం అచ్చు పొరపాటున బిగించడం వల్ల ఏర్పడినది. ఇటువంటివి రెండే పడ్డాయి. రెండవదాన్ని ఒక కార్మికుడు మింగి బయటికి తీసుకుపోయినట్లు ప్రత్యక్షంగా చూసినవారి కథనం. ప్రస్తుతం అది ఎక్కడ ఉన్నదీ తెలియదు."

ఆ మింగినవాడిని నేనే. చూసినవాడినీ నేనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టంకశాలలో లోపలికి వెళ్లిన లోహం ఎంతో, సాయంత్రానికి నాణేలూ తరుగూ కలిపి అంతే తూగాలి. గురిగింజంత తేడా వచ్చినా గేటు తెరవరు. రెండు బొమ్మల నాణెం పడిన రోజు, ఒకటి సూపర్‌వైజరు కంటపడితే రెండోది నేను గుటుక్కున మింగేశాననీ, తూకం చాలక మూడు గంటలు గేటు తెరవలేదనీ, చివరికి నన్నే తక్కెడలో నిలబెడితే సరిగ్గా ఒక్క నాణెమంత ఎక్కువ తూగాననీ, "పొద్దున టీ తాగాను సార్" అని తప్పించుకున్నాననీ మా అమ్మాయికి నాలుగేళ్ల వయసు నుంచీ చెబుతున్నాను. మూడో రోజున ఆ నాణెం ఏ దారిన బయటపడిందో చెప్పినప్పుడల్లా అది పడీపడీ నవ్వేది. "ఇప్పుడెక్కడుంది నాన్నా?" అని అడిగేది. గోడలో ఉందని ఒకసారి, పరుపులో ఉందని ఒకసారి చెప్పేవాణ్ణి. "పెద్ద అవసరం వచ్చినప్పుడు తీద్దాం" అనేవాణ్ణి.

మ్యూజియం పెట్టేటప్పుడు అక్కడి మేడం పాత కార్మికులందరి దగ్గరికీ టేపురికార్డరు పట్టుకుని వచ్చింది. ఎంతో మర్యాదగా టీ ఇచ్చింది, బిస్కట్లు పెట్టింది. ఆవిడ బిస్కట్లు పెడుతున్నకొద్దీ నేను చెబుతూ పోయాను. అది బోర్డు మీదికి ఎక్కుతుందని నాకేం తెలుసు?

అమ్మాయి నా వైపు తిరిగింది.

"నాన్నా, అది నిజమా?"

మూడు నెలలుగా దాని మొహం మీద నెత్తురు లేదు. ఇప్పుడు అద్దాల పెట్టెలో దీపం దాని బుగ్గల మీద పడుతోంది. నాలుగేళ్ల పిల్ల కళ్లు అవి.

"మరి?" అన్నాను. "అచ్చు వేశారు కదా."

అది పరుగెత్తింది. చెప్పులు టపటపమంటుంటే ఆ రాతి చక్రం పక్కనుంచి మేడం గదిలోకి పరుగెత్తింది. నేను నా మోకాళ్లతో ఆ గది చేరేసరికి మేడం లేచి నిలబడి ఉంది. ఎదురుగా పత్రికలో రాసే కుర్రాడొకడు, వేసవి సెలవుల్లో పిల్లలకి చూపించదగ్గ చోట్ల గురించి రాసుకోవడానికి వచ్చినవాడు, కొత్త కాగితం తిప్పుతున్నాడు.

"తాతగారూ, మీ దగ్గరే ఉందా అది! ఇన్నేళ్లూ!" అంటూ మేడం నా రెండు చేతులూ పట్టుకుంది.

అప్పటికైనా నోరు మూసుకుని ఉండవలసింది. "ఇంట్లోనే ఎక్కడో..." అన్నాను.

అలాంటిది వేలంలో ఎంత పలుకుతుందో మేడం చెప్పింది. అమ్మాయి పెదవులు కదిలాయి. "తొమ్మిది ఆపరేషన్లు" అంది నా చెవిలో.

మర్నాడు పొద్దున పేపర్లో నా ఫొటో పడింది. నిజం చెప్పాలంటే బాగానే పడింది. అమ్మాయి అప్పటికే గోడలు తట్టి చూసి, పరుపు ముందేసుకుని కూర్చుంది. కుట్లు విప్పే చిన్న కత్తితో ఒక్కొక్క పోగూ తెంపుతోంది. మా ఆవిడ మంచం మీద తలగడలకి ఆనుకుని చూస్తోంది.

"అందులో లేదమ్మా" అన్నాను.

"మరెక్కడుంది?"

"ఎక్కడా లేదు. నేను మింగలేదు. అదంతా... నీకు తెలుసుగా నా సంగతి."

కత్తి ఆగింది. "నిన్న ఉందన్నావు."

"నిన్న నీ మొహం చూసి అన్నాను."

"నాన్నా, దాచుకున్నది తియ్యి. ఆ కాస్త లోహం ఎక్కువైపోయిందా నీకు, అమ్మకన్నా?"

ఎన్నో తిట్లు తిన్నాను జీవితంలో. పళ్లెం విసిరేసిన సూపర్‌వైజర్లున్నారు. ఇంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. మా ఆవిడ వైపు చూశాను.

"లేదే పిచ్చిదానా" అంది ఆవిడ. "ఆ వారమంతా ఈయన ఇంట్లో... బోర్లా పడుకుని ఉన్నారు. కూర్చునే చోట సెగ్గడ్డ. కాపడం పెట్టింది నేనే. నాణెం సంగతి తోటివాళ్లొచ్చి చెప్పారు. అది పడింది కూడా రెండు కాదు, ఒక్కటే."

"నువ్వూ ఆయనతో కలిశావా అమ్మా?"

"సెగ్గడ్డ అబద్ధం కాదే" అని మా ఆవిడ నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేసరికి చాలాసేపు పట్టింది. ఆవిడ పెదవులు నీలంగా తిరిగాయి. అమ్మాయి వీపు రాస్తూ కూర్చుని, ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించి పరుపు మళ్లీ కుట్టింది. దగ్గర దగ్గరగా, గట్టిగా కుట్టింది. కుడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు.

అంతటితో పోతే బాగుండేది. సోమవారం ధర్మాసుపత్రికి నంబరు చూసుకోడానికి వెళ్లాం. మా ఆవిడ పేరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది.

"బాబూ, పేరు కొట్టేశారేంటి?" అని గుమాస్తాని అడిగాను.

"కొట్టెయ్యక? కోటీశ్వరులకి ఇక్కడ ఉచితం లేదు తాతా." ఫైలు తెరిచాడు. మా కాగితాల పైన గుండుసూదితో నా ఫొటో గుచ్చి ఉంది.

"అది అబద్ధం బాబూ."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాను."

"పేపరువాళ్లకి చెప్పింది?"

"అదీ నేనే."

"మరి నీలో ఎవర్ని నమ్మమంటావు?" అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అంత మంచి మాట నేను అని ఉంటే సంవత్సరం పాటు చెప్పుకునేవాణ్ణి.

"నేను అబద్ధాలకోరునని రాసి వేలిముద్ర వేసిస్తాను. సంతకం కూడా పెడతాను. పల్లెటూరి బళ్లో అయినా దస్తూరీ బాగా నేర్పారు."

"అబద్ధాలకోరు రాసిచ్చిన కాగితం నేనేం చేసుకోను? ఆ నాణెం నీ దగ్గర లేదని మ్యూజియంవాళ్ల చేత రాయించుకు రా. అప్పుడు చూద్దాం."

అమ్మాయి రెండు చేతులూ గుమాస్తా బల్ల మీద పెట్టి నిలబడింది. "సార్, ఈ వారంతో కలిపి అయిదో వారంలో మా వంతు. అప్పటికి కుదురుతుందా?"

"కాగితం తెస్తే కుదురుతుందమ్మా."

మ్యూజియం మేడం నా మాట విని కుర్చీలో వెనక్కి వాలింది. "తాతగారూ, ఉన్నదైతే చూసి ఉందని రాస్తాను. లేదని ఎలా రాయను? రేపు మీ ఇంట్లో దొరికితే నా ఉద్యోగం పోతుంది."

"దొరికితే నన్ను ఆ గవ్వల పక్కన పెట్టెలో పెట్టండి."

ఆవిడ కూడా నవ్వలేదు. ఆ వేసవిలో నా మాటకి నవ్వేవాళ్లే కరువయ్యారు. మళ్లీ ఆవిడే అంది: "ఆ రోజు మీరు పనిలో లేరని రుజువు దొరికితే రాయొచ్చు. పాత హాజరు పుస్తకాలు కింద గదిలో ఉన్నాయి. మూటలు విప్పలేదు ఎవరూ."

కింద గది అంటే ఒకప్పుడు మా తరుగు నిలవచేసిన నేలమాళిగ. నాలుగు వందల మూటలున్నాయి. నేను సాధారణంగా వంద ఉంటే నాలుగు వందలంటాను, ఇవి మాత్రం నిజంగానే నాలుగు వందలు, లెక్కపెట్టాను. ఏ మూట మీదా సంవత్సరం లేదు. చెమ్మకి పుటలు అతుక్కుపోయాయి. మేడం నాకు చేతి తొడుగులిచ్చి, బల్లముందు కూర్చోబెట్టింది. పొద్దున తెరిచినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా విప్పేవాణ్ణి. నా ముప్పై ఒక్క ఏళ్లూ నా వేళ్ల కిందనుంచి పోతున్నాయి. హాజరు, హాజరు, హాజరు. పోయినవాళ్ల పేర్లు, రిటైరైనవాళ్ల పేర్లు, నాకు అప్పుడప్పుడూ టీ పోయించినవాళ్ల పేర్లు. కావలసిన వారం ఒక్కటే దొరకదు.

ఇంటికి వెళితే అమ్మాయి మాట్లాడేది కాదు. "కంచం పెట్టాను" అనేది, అంతే. గోడ మీద గీతలు చెరపడం మాత్రం ఆపలేదు. పదిహేనయ్యాయి, పదకొండయ్యాయి, ఏడయ్యాయి. మా ఆవిడ ఇప్పుడు పడుకోలేకపోతోంది. కూర్చునే నిద్రపోతోంది. పాదాలు వాచి, నొక్కితే గుంటలు పడుతున్నాయి.

"దొరికిందా మీ సెగ్గడ్డ?" అని అడిగేది.

"ఇవాళ దాని పక్క వారం దాకా వెళ్లానే."

గీతలన్నీ అయిపోయిన వారం, సోమవారం నాడు, నలభై ఒకటో నంబరు ఆపరేషను చేశారు. వేరే ఎవరికో. ఆ వారంలోనే, గురువారం మధ్యాహ్నం, అతుక్కున్న రెండు పుటలు బ్లేడుతో విడదీస్తే నా పేరు బయటపడింది. పక్కన ఆరు గళ్లు. ఆరింటిలోనూ ఎర్ర అక్షరాలతో సెలవు, సెలవు, సెలవు. చివర "అనారోగ్యం" అని సూపర్‌వైజరు సంతకం. తన అబద్ధం దొరికిపోయినందుకు అంత సంతోషించినవాడు లోకంలో ఇంకొకడు ఉండడు. పైకి వచ్చేసరికి బయట చినుకులు పడుతున్నాయి.

మేడం పుట చూసింది, ఉత్తరం టైపు చేయించింది, ముద్ర వేసింది. ఆ తర్వాత తనే వెళ్లి అద్దాల పెట్టె మీది బోర్డు ఊడదీసింది.

"అందరూ దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాళ్లు తాతగారూ" అంది. కోపంగా అనలేదు.

గుమాస్తా ఉత్తరం రెండుసార్లు చదివి, మా ఆవిడ పేరు మళ్లీ రాశాడు. ఎక్కడ? వరస చివర. నంబరు తొంభై ఆరు.

"బాబూ, నన్ను చెప్పుతో కొట్టు. ఆవిణ్ణి మాత్రం ముందు వెయ్యి."

"ముందున్న తొంభై అయిదుగురినీ అడిగి రా తాతా" అన్నాడు. నిజానికి చెడ్డవాడు కాదు. లేచి లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడాడు. రేపు తీసుకురండి, పరిస్థితి చూసి వంతు లేకుండా చేద్దామన్నాడట డాక్టరు.

తీసుకెళ్లాం. మంచం మీద ఎక్కించి లోపలికి తీసుకెళ్లారు. గంటన్నర చూశారు. డాక్టరు బయటికొచ్చి మమ్మల్నిద్దర్నీ కిటికీ పక్కకి పిలిచాడు. గుండె సాగిపోయిందన్నాడు. ఇప్పుడు మత్తు ఇస్తే బల్ల మీదే ఆగిపోతుందన్నాడు. మందులు రాస్తాను, ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండండి, వానలు వెలిసేదాకా ఉంటే గొప్ప అన్నాడు.

నెల ముందు తెచ్చి ఉంటే ఏమయ్యేదో నేను అడగలేదు. అమ్మాయీ అడగలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి. వాన గట్టిగా కురుస్తోంది. అమ్మాయి, అయిదు వారాల తర్వాత, నన్ను పిలిచింది.

"నాన్నా."

"ఏమ్మా."

"అమ్మకి నువ్వు చెప్పు."

"ఏం చెప్పను?"

"నీకు తెలీదా ఏం చెప్పాలో? నేను చెబితే మొహంలో కనపడిపోతుంది. నువ్వయితే చెప్పగలవు."

లోపలికి వెళ్లాను. మా ఆవిడ ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. తల దువ్వుకోలేదని చేత్తో సర్దుకుంది.

"ఏమన్నాడు?"

"కోత అక్కర్లేదన్నాడు. కొత్తరకం మాత్రలొచ్చాయట. నీ గుండె చూసి, ఇంత గట్టిదాన్ని కోస్తే నా కత్తి వంకరపోతుంది అన్నాడు."

"మాత్రలతోనే ఎన్నాళ్లుంటానట?"

"నాళ్లేంటే? ఏళ్లు."

"ఎన్నేళ్లు?"

అంకెల దగ్గర నేనెప్పుడూ తడుముకోలేదు. మణుగు అడిగితే పుట్టి చెప్పినవాణ్ణి. ఆ రోజు నోటికి ఏదీ రాలేదు. నూరంటే నవ్వేస్తుంది. రెండంటే ఏడుస్తాను.

"ఏడు" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. నలభై నాలుగేళ్లుగా చూస్తున్న మొహం. తర్వాత కిటికీలోంచి వాన చూసింది.

"ఏడేళ్లా!" అంది. "అయితే వంటింటి మీద రేకులు మార్పించాలి. అవి అన్నాళ్లు ఆగవు."

"అలాగే" అన్నాను.

మూడో రోజున వాన తెరిపి ఇచ్చింది. అమ్మాయి వెళ్లి రేకులు వేసే అతన్ని పిలుచుకొచ్చింది. మా ఆవిడని కుర్చీతో సహా ఎత్తి, వంటిల్లు కనపడేలా వాకిట్లో కూర్చోబెట్టాం. అతను నిచ్చెన ఎక్కి, పాతవాటి మీద అక్కడక్కడా తట్టి చూశాడు.

"అంత ఖర్చు ఎందుకమ్మా? తారు పూసి రెండు అతుకులు వేస్తే ఇంకో రెండేళ్లు లాగుతాయి" అన్నాడు.

అమ్మాయి నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తలేదు, వెనక్కి తిరగలేదు.

"ఏడేళ్లు రావాలి" అంది. "కొత్తవే వెయ్యి."